ఖర్జూరం మీద సుంకం ఎవరు కట్టారు?

పెళ్ళి సామాను పట్టీలో పసుపు కొమ్ములు, వక్కలతో పాటు ఎండు ఖర్జూరాలు కూడా రాస్తాం కదా! అవి ఎక్కడివని ఎప్పుడైనా ఆలోచించారా? కొన్నేళ్ళ క్రితం వరకు చాలామటుకు పాకిస్తాన్ నుంచే వచ్చేవి. మనం వాడే సైంధవ లవణం కూడా అప్పట్లో ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లను పొట్టన పెట్టుకున్నారు. మర్నాడే మన ప్రభుత్వం, 1996లో పాకిస్తాన్‌కి ఇచ్చిన ‘అత్యంత అనుకూల దేశం’ హోదా తీసేసింది. 16వ తేదీన అక్కడి సరుకులన్నిటి మీదా సుంకం 200 శాతానికి పెంచింది. అంటే వంద రూపాయల సరుకుకి రెండు వందలు పన్నన్నమాట.

ఇది న్యాయమేనా? న్యాయమే అంటాను నేను. ఇంటి పిల్లలు పోయాక పక్కింటితో ఇచ్చిపుచ్చుకోవడాలు ఎప్పటిలా ఎలా సాగుతాయి?

కానీ కోపం చూపించడం వేరు, దాంతో అవతలివాళ్ళు దారికొస్తారనుకోవడం వేరు. 2017-18లో మనం వాళ్ళ దగ్గర కొన్నది సుమారు 49 కోట్ల డాలర్ల సరుకు. వాళ్ళకి అమ్మింది 192 కోట్ల డాలర్లది. కొనే చోట కంటే అమ్మే చోట మన లాభమే ఎక్కువ. కశ్మీర్ విషయంలో 2019 ఆగస్టులో వాళ్ళు వ్యాపారం ఆపేసేసరికి ఆ అమ్మకాలూ దెబ్బతిన్నాయి.

ఇంకో సంగతి. సుంకం కట్టేది పాకిస్తాన్ ప్రభుత్వం కాదు, సరుకు తెప్పించుకునే మన వ్యాపారి. అతను తెప్పించడం మానేస్తే అట్టారీ సరిహద్దులో మూటలు మోసే కూలీకి పని పోతుంది, లారీ ఆగిపోతుంది. మనకి పట్టీలో ఒక వస్తువు ప్రియమవుతుంది, అంతే. ఆ ఇంటి ఇల్లాలికి పొయ్యి మీదకి గిన్నె ఎక్కదు.

ఆరేళ్ళ తర్వాత పహల్గామ్‌లో మళ్ళీ 26 ప్రాణాలు పోయాయి. 2025 మే 2న దిగుమతులన్నీ పూర్తిగా నిషేధించారు. అయినా దుబాయ్ మీదుగా దొంగచాటుగా వచ్చిన పాకిస్తాన్ ఖర్జూరాలు ఆ ఏడాదే పట్టుబడ్డాయి.

దేశం కోసం నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడానికి మనకి అభ్యంతరం లేదు. కానీ ఆ భారం అందరం పంచుకోవాలి కదా! సరిహద్దు ఊళ్ళలోని కొన్ని ఇళ్ళ మీదే వదిలేయడం ఏం న్యాయం? సుంకం వేసిన రోజే ఆ కూలీలకి వేరే పని చూపించాల్సింది. శత్రువు మీద కోపంతో మనవాళ్ళని పస్తు పెట్టకూడదు.

మీరేమంటారు?