చెరువుకైతే పరీక్ష, చెంపకైతే నమ్మకం

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. ఆ తర్వాత కొన్ని సంస్థలు పురుగుమందుల అవశేషాలను అనుమానించాయి. కారణం సంగతి ఎలా ఉన్నా, సీసం, నికెల్ అనే రెండు పేర్లు ఇంటింటా నలిగాయి. తాగే నీళ్లను అనుమానించారు, తినే కూరగాయలను అనుమానించారు. అద్దం ముందున్న డబ్బాల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

ఆ ఏలూరు వైపే, గణపవరం నుంచి కొల్లేరు దాకా రొయ్య రైతులు నీళ్ల విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. రొయ్య పెంకు గట్టిపడకపోతే చెరువు నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబుకు పరిగెడతారు. పీహెచ్ ఎంత, కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని చూసుకుని మినరల్ మిక్స్ ఎన్ని కిలోలు వేయాలో, జియోలైట్ ఎంత చల్లాలో లెక్క కడతారు. అదే ఇంట్లో ఆడపిల్ల ఫ్యాన్సీ షాపులో కొన్న తెల్లబడే క్రీములో ఏ ఖనిజం ఉందో అడిగే మనిషి ఉండరు. రొయ్యకు ఉన్న పాటి విలువ పిల్ల చర్మానికి లేదా అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్నే.

ఖనిజాలు పూసుకోవడం కొత్త విషయమేమీ కాదు. ఆ ఖనిజాల్లో చాలావాటికి తెలుగు నేలే పుట్టిల్లు. గూడూరు అభ్రకం ఒకప్పుడు ప్రపంచమంతా వెళ్లింది. ఐషాడోలో, లిప్‌స్టిక్‌లో తళుకు తెచ్చేది అభ్రకం పొడే. పౌడరు డబ్బాకు ఆధారమైన టాల్క్ బలపపు రాయి రూపంలో కర్నూలు, అనంతపురం వైపు దొరుకుతుంది. సన్‌స్క్రీన్‌లో వాడే టైటానియం డయాక్సైడ్‌కు మూలమైన ఇల్మనైట్ శ్రీకాకుళం, భీమిలి తీరపు ఇసుకలో ఉంది.

వీటిలో ఎక్కువ భాగం చర్మం మీదే ఆగిపోతాయి. చర్మం పై పొరలో ఉండేవి చచ్చిన కణాలు. వాటి మధ్య కొవ్వు పదార్థం గట్టిగా పరుచుకుని ఉంటుంది. నీళ్లలో కరగని టాల్క్, అభ్రకం, జింక్ ఆక్సైడ్ రేణువులు ఆ పొర దాటి లోపలికి పోలేవు. టాల్క్ చెమటను, జిడ్డును పీల్చుకుని పైనే ఉంటుంది. దానితో వచ్చే ప్రమాదం ముక్కు దారిన వస్తుంది. భూమిలో టాల్క్ ఏర్పడే చోటే ఆస్‌బెస్టాస్ కూడా ఏర్పడవచ్చు. రాతినార అని పిలిచే ఆ ఖనిజం పులివెందుల ప్రాంతంలో ఉండనే ఉంది. ఆ నార పొడిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరితే క్యాన్సర్‌కు దారి తీస్తుంది. ఆస్‌బెస్టాస్ కలిసిందన్న ఆరోపణలతో వేల కేసులు ఎదుర్కొన్న జాన్సన్ అండ్ జాన్సన్ 2020లో అమెరికా, కెనడాల్లో టాల్క్ బేబీ పౌడరు అమ్మకం ఆపింది. 2023లో ప్రపంచమంతటా ఆపేసి మొక్కజొన్న పిండికి మారింది. 2024 జులైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' వరుసలో చేర్చింది. చంటిబిడ్డకు స్నానం చేయించగానే మొహం మీద పౌడరు దులిపే అలవాటు మానుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

మేలు చేసే ఖనిజాలూ ఉన్నాయి. నాట్లు వేసే ఆడవాళ్లు, చెరువు గట్టున పనిచేసే కూలీలు ఏళ్ల తరబడి ఎండలో ఉంటారు. వాళ్ల బుగ్గల మీద, ముక్కు మీద ముదురు గోధుమ రంగులో మంగు మచ్చలు వస్తాయి. గర్భం, హార్మోన్లు, వంశం కూడా కారణమే గానీ, మంగును ముదరబెట్టేది ఎండ. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఇక్కడ గట్టిగా పనిచేస్తాయి. ఇవి అద్దంలా వెలుతురును వెనక్కి కొడతాయని చాలామంది అనుకుంటారు; అతినీలలోహిత కిరణాలను ఇవి ఎక్కువగా పీల్చుకుని వేడిగా మార్చేస్తాయి. అయితే చామనఛాయ చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును పెంచుతుంది. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు రంగు. లేత గోధుమ రంగులో దొరికే సన్‌స్క్రీన్లలో ఉండేది అదే. తెల్లగా సున్నం కొట్టినట్టు కనిపించదు, మంగు ఉన్నవాళ్లకు ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ రోజుకూలీ మీద బతికే ఇంట్లో దాని ధర ఎవరు పెట్టగలరు?

ధర పెట్టలేని చోటే పాదరసం దూరుతోంది. ఊరూపేరూ లేని తెల్లబడే క్రీములు చౌకగా దొరుకుతాయి, రెండు వారాల్లో ఫలితం చూపిస్తాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి. పాదరసం దాన్ని అడ్డుకుంటుంది. రంగు తగ్గుతుంది, వాడిన మనిషి మురిసిపోతుంది. అయితే పాదరస లవణాలు జింక్‌లా పైన ఆగవు. చర్మం గుండా రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రపిండాలకు చేరతాయి.

కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు దీన్ని లెక్కలతో సహా చూపించారు. 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు వాళ్ల దగ్గరికి మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుతో 22 మంది వచ్చారు. మూత్రపిండాల్లోని జల్లెడ పొర దెబ్బతిని ఒంట్లోని ప్రొటీన్ మూత్రంలో పోవడం ఆ జబ్బు లక్షణం. వారిలో 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం ఉందని తేలింది; ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. క్రీము మానేశాక చాలామంది కోలుకున్నారు. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు వేరు, దానికి ఈ క్రీములతో సంబంధం లేదు. కానీ డయాలసిస్ ఒక ఇంటిని ఏ స్థితికి తెస్తుందో ఉద్దానాన్ని చూసిన రాష్ట్రానికి తెలుసు. మానుకుంటే తప్పిపోయే జబ్బును కొని తెచ్చుకోవడం చూస్తూ ఊరుకోవడం తప్పు. కాళ్లు, మొహం ఉబ్బి, మూత్రం నురగలు కక్కుతుంటే డాక్టరుకు ముందు చెప్పాల్సింది ఏ క్రీము రాస్తున్నారో అన్నదే.

ఒకరు రాసుకుంటే ఇంటిల్లిపాదికీ అంటుకునే లోహం కూడా ఇదే. అమెరికాలో ఇలాంటి క్రీము వాడిన ఇళ్లలో, ఎన్నడూ రాసుకోని పిల్లల ఒంట్లో సైతం పాదరసం కనిపించింది. తువ్వాలు, దిండు గలీబు, తల్లి చేయి చాలు.

చట్టం లేక కాదు. మన దేశపు 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు. పొరపాటున చేరినా పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదు. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. సౌందర్య సాధనాల్లో పాదరసాన్ని 2025 కల్లా పూర్తిగా తొలగించాలని ఆ ఒప్పంద దేశాలు 2023లో తీర్మానించాయి. ఇన్ని ఉన్నా డబ్బా మాత్రం కౌంటరు కింద నుంచి వస్తూనే ఉంది. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా ముట్టుకోకూడదు. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 'వెండి, బంగారం తగలనివ్వకండి' అని రాసి ఉంటే అందులో పాదరసం ఉందని గట్టిగా అనుమానించాలి. కాలోమెల్ అన్న పేరున్నా అది పాదరసమే.

ఇక సీసం. పసుపు కొమ్ముల్ని నిమ్మరసం, పటిక, వెలిగారంతో నానబెట్టి చేసే కుంకుమలో దానికి చోటు లేదు. వెలిగారంలోని బోరాన్ పసుపుతో కలిసే ఆ ఎరుపు వస్తుంది. చవక రంగు కోసం సింధూరంలో ఎర్రసీసం, పాదరస ఖనిజమైన ఇంగిలీకం కలిపినప్పుడే చిక్కు. న్యూజెర్సీలోనూ మన దేశంలోనూ కొన్న 118 సింధూరం నమూనాలను రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించింది. గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం ఉన్నవి అమెరికా నమూనాల్లో 83 శాతం, ఇక్కడి వాటిలో 78 శాతం. సీసం చర్మం గుండా పెద్దగా పోదు. బొట్టు పెట్టిన చేత్తో అన్నం కలిపి పెడితే బిడ్డ కడుపులోకి పోతుంది. పిల్లల మెదడుకు ఇంత వరకు ఫరవాలేదు అనదగిన సీసం మోతాదంటూ ఏదీ లేదు.

నికెల్ ప్రాణం తీయదు గానీ వదిలిపెట్టదు. రంగుల్లో మలినంగానో, రోల్డ్‌గోల్డ్ కమ్మల్లోనో ఉండి, చెమటకు కరిగి చర్మానికి అంటుతుంది. ఒకసారి పడకపోతే దాదాపు జీవితాంతం పడదు. తగిలిన చోటల్లా దురద, పొక్కులు.

డబ్బాలో పాదరసం ఉందో లేదో చూడటానికి నెలలు పట్టదు. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరం నిమిషాల్లో చెబుతుంది. బంగారం దుకాణాల్లో నగ నాణ్యత చూసే క్యారట్ మీటరు పనిచేసేదీ ఆ సూత్రం మీదే. ఔషధ నియంత్రణ శాఖ అలాంటి పరికరాలతో తాడేపల్లిగూడెం, గణపవరం, ఏలూరు ఫ్యాన్సీ షాపుల్లో, సంతల్లో అమ్మే క్రీములను, సింధూరాన్ని జల్లెడ పట్టాలి. అనుమానం వచ్చినవి విజయవాడ ప్రయోగశాలకు పంపాలి. దొరికిన సరుకు పేర్లు పంచాయతీ బోర్డు మీద రాయించాలి. వాటితోపాటు, ఎండలో పనిచేసే ఆడవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన సన్‌స్క్రీన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి.