సకిని రామచంద్రయ్య పాటలకి బ్యాకప్ ఉందా?

రాక్ సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళని గమనించారా? అభిమాన గాయకుడు పోయిన తేదీ వాళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళ తద్దినం కన్నా బాగా గుర్తుంటుంది. ఏప్రిల్ 5 అనగానే కర్ట్ కొబేన్, జులై 20 అనగానే చెస్టర్ బెనింగ్టన్. మన ఐటీ జనంలో ఈ బాపతు ఎక్కువే. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడో ఒకడి సిస్టంలో లింకిన్ పార్క్ ఫోల్డర్ ఉండేది, అది లాన్ మీద అందరికీ పాకేది. ఇంగ్లీషు పాఠం అర్థం కానివాడు కూడా ఆ పాటలు మాత్రం గుక్క తిప్పుకోకుండా పాడేవాడు. ఆ గొంతు 2017లో ఆగిపోతే నిజంగానే మనింట్లో మనిషి పోయినట్టు బాధపడ్డవాళ్ళు నాకు తెలుసు. నేనూ ఆ బాపతే, కాబట్టి వెక్కిరించే ఉద్దేశం లేదు.

ఆ వరసలో ఇంకో తేదీ కూడా చేర్చుకోవాలని నా వాదన. జూన్ 23. 2024లో ఆ రోజు, ఆదివారం నాడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య అనారోగ్యంతో కన్నుమూశారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. (పోలవరం ముంపు వార్తల్లో వినే కూనవరం మండలం వేరు. అది 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలోకి వెళ్ళిపోయింది. ఇది గోదావరికి ఇవతల, మణుగూరు బొగ్గు గనుల పక్కన ఉన్న ఊరు.)

రాక్ బ్యాండుకీ కోయ డోలు కళాకారుడికీ పోలికేమిటండీ అనొచ్చు మీరు. ఉంది. డోలు మోత, దాని మీద కొమ్ము బూర, కంచు తాళాలు, వీటన్నిటినీ దాటుకుని వినిపించాల్సిన గొంతు. ఆ గొంతుకి మైకు లేని రోజుల నుంచీ అదే పని. మొదలుపెడితే రాత్రంతా సాగే కథ. పక్కన వాయించేవాళ్ళు, వంత పాడేవాళ్ళు లేకపోతే ఆ ఒక్కడూ ఏమీ చెయ్యలేడు. బ్యాండు అంటే ఇంతకన్నా ఏముంటుంది? తేడా అల్లా ఒక్కటే. రాక్ గాయకుడు తన గొడవ పాడతాడు, డోలీ తన జనం గొడవ పాడతాడు.

డోలీలంటే కోయల చరిత్ర చెప్పేవాళ్ళు. కోయల్లో గట్టులు ఉంటాయి, మనకి గోత్రాలు ఉన్నట్టు అనుకోండి, అంతకన్నా గట్టి కట్టుబాటుతో. ఒక్కో గట్టుకి ఒక వేల్పు, ఆ వేల్పుకో కథ. ఆ కథంతా పడిగె అనే గుడ్డ మీద బొమ్మలుగా ఉంటుంది. మూడు మూలల జెండాలాంటి పొడుగాటి గుడ్డ. మనం చూస్తే గుర్రం, ఏనుగు, మనుషులు, చెట్టు కనిపిస్తాయి, అంతే. డోలీ చూస్తే ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎవరితో వియ్యం, ఎవరితో యుద్ధం, ఏ వాగు దగ్గర ఎవరు పడిపోయారు, అన్నీ కనిపిస్తాయి. కొలుపుల్లోనూ, చావు కర్మల్లోనూ ఆయన్ని పిలుస్తారు. ఆయన పాడకపోతే ఆ తంతు సగమే.

రామచంద్రయ్య ఈ పని కోయ భాషలోనూ తెలుగులోనూ చేసేవారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు లాంటి కోయ వీరుల కథలు ఆయన నోటికి వచ్చు. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, 2024 ఫిబ్రవరిలో జరిగింది ఆయన బతికుండగా వచ్చిన ఆఖరి జాతర. మేడారం కథ అనగానే మనందరికీ టీవీ వాళ్ళు చెప్పే ఒక వెర్షన్ తెలుసు: కాకతీయులు, కప్పం, సంపెంగ వాగు, చిలకలగుట్ట, కుంకుమ భరిణె. పది నిమిషాల్లో అయిపోతుంది. డోలీలు చెప్పే కథ అలా నిమిషాల లెక్కలో ఇమిడేది కాదు. అందులో బయటి రాజులకంటే గట్టుల పుట్టుపూర్వోత్తరాలే ముఖ్యం. టీవీ వెర్షన్ బయటనుంచి చూసినవాడిది, ఇది లోపలివాళ్ళది. మూలం ఏది, ఫోర్క్ ఏది అనే చర్చ మన ఫీల్డు వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను.

2022 పద్మ అవార్డుల జాబితా మీలో చాలామంది చూసే ఉంటారు, ఎందుకంటే ఆ ఏడాది సత్య నాదెళ్ళ, సుందర్ పిచ్చై ఇద్దరికీ పద్మభూషణ్ ఇచ్చారు. మన వాట్సాప్ గ్రూపులన్నీ నాదెళ్ళ పేరుతో నిండిపోయాయి. తప్పులేదు, మనవాడు. అదే జాబితాలో ఇంకాస్త కిందికి దిగితే పద్మశ్రీల్లో సకిని రామచంద్రయ్య పేరుంది, కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య పేరుంది. మొగిలయ్య అప్పటికే భీమ్లా నాయక్ పాటతో జనానికి తెలిసిపోయారు. రామచంద్రయ్యకి ఆ సినిమా అదృష్టం పట్టలేదు, కాబట్టి పేపర్లో ఒక ఫోటో, రెండు పేరాలు, అంతే.

అదే జాబితాలో భద్రాచలానికి సంబంధించిన పేరు ఇంకోటి ఉంది: గోసవీడు షేక్ హసన్. కృష్ణా జిల్లా గోసవీడు నుంచి వచ్చి, దశాబ్దాల పాటు భద్రాద్రి రాముడి గుళ్ళో నాదస్వరం వాయించిన విద్వాంసుడు. 2021లో పోయారు, పద్మశ్రీ మరణానంతరం వచ్చింది. ఆయన గురించి విడిగా రాయాలి, ఇక్కడ రెండు ముక్కల్లో కుదరదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఆయన వాయించిన సంగీతానికి గురువులున్నారు, పుస్తకాలున్నాయి, స్వరం రాసుకునే పద్ధతి ఉంది. ఆయన లేకపోయినా ఆ రాగాలు ఉంటాయి. ఆ మాటకొస్తే రామదాసు కీర్తనలే చూడండి. పదిహేడో శతాబ్దం నుంచి భజన గోష్ఠుల మీదుగా బాలమురళి రికార్డుల దాకా వచ్చి మన ఫోన్లలో కూర్చున్నాయి. భద్రాచలం నుంచి కూనవరం గంటా గంటన్నర ప్రయాణం. ఆ కాస్త దూరంలో ఒక సంగీతం ఇన్ని చోట్ల భద్రంగా ఉంటే, ఇంకోటి ఒక మనిషి తలకాయలో ఉండిపోయింది.

నన్ను నమిలేస్తున్న విషయం ఇదే. కొబేన్ 1994 ఏప్రిల్లో పోతే, అంతకు ముందు నవంబర్లో న్యూయార్కులో పాడిన అన్‌ప్లగ్డ్ కచేరీ ఆయన పోయాక ఆల్బంగా వచ్చింది, ఇప్పటికీ నిన్న పాడినట్టే ఉంటుంది. చెస్టర్ పోయిన ఏడేళ్ళకి, 2024లో, లింకిన్ పార్క్ ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కొత్త గాయనితో మళ్ళీ మొదలుపెట్టింది. అభిమానుల్లో పెద్ద గొడవ, ఆమె గొంతు సరిపోయిందా లేదా అని. గొడవ పడటానికైనా ఆ పాటలంటూ ఉన్నాయి కదా. ప్రతి మాటా, ప్రతి గిటారు తీగా ఎక్కడో ఓ చోట రికార్డై ఉంది కాబట్టి ఇంకో మనిషి వచ్చి నిలబడగలిగింది. డోలీ విషయంలో గాయకుడే మాస్టర్ టేపు. డిస్కూ ఆయనే, సర్వరూ ఆయనే. ఆఫీసులో ఏ ప్రాజెక్టులోనైనా మొత్తం సంగతి ఒక్కడికే తెలుసంటే మేనేజర్ నిద్రపోడు, ఆరునెలల ముందే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటూ మీటింగులు పెడతాడు. ఇక్కడ కొన్ని వందల ఏళ్ళ చరిత్ర.

యూట్యూబులో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నేనూ చూశాను. పద్మశ్రీ వచ్చిన కొత్తలో టీవీ వాళ్ళు తీసినవి ఎక్కువ. మన చానళ్ళ పద్ధతి తెలిసిందే. అవార్డు ఎలా అనిపిస్తోంది, కేసీఆర్ గారు కోటి రూపాయలు ప్రకటించారు కదా ఏమంటారు, మా ప్రేక్షకుల కోసం ఒక పాట పాడండి. ఆ పాట రెండు నిమిషాలు దాటితే యాంకరుకి కంగారు. రాత్రంతా నడిచే కథలోంచి అలాంటి ముక్కలు ఎన్ని పోగేసినా కథ కాదు. పైగా కోయ భాషలో పాడిన చోట కింద ఒక్క అర్థం ఉండదు.

పని చేసినవాళ్ళు లేకపోలేదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి ఆదివాసీ వాద్యాలూ పడిగెలూ సేకరించారు, హైదరాబాదులో ప్రదర్శనలు పెట్టారు. తిరుమలరావుగారి పేరు వినగానే నాకు గుంజాల గుర్తొస్తుంది. ఆదిలాబాద్ వైపు ఆ గోండు ఊళ్ళో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్ 11లోకి ఎక్కింది. ఒక ఊళ్ళో కొందరు పెద్దలకి మాత్రమే తెలిసిన అక్షరాలకి ఈ రోజు కోడ్ పాయింట్లున్నాయి. ఎవరో వెళ్ళి కూర్చుని, విని, రాసి, కమిటీల చుట్టూ తిరిగారు కాబట్టి అది జరిగింది. కోయ భాషకి ఐఎస్ఓ కోడు ఉంది, కెఎఫ్ఎఫ్ అని. కోడు వెనకాల పెట్టడానికి డేటానే సరిపడా లేదు.

అన్నట్టు కాగితం సంగతి. మన దగ్గర ఎంత పేపర్‌లెస్ ఆఫీసు అన్నా ప్రింటరు ఆగదు. దేశంలోని పెద్ద కాగితం మిల్లుల్లో ఒకటి భద్రాచలం పక్కనే, సారపాకలో ఉంది. అక్కణ్ణుంచి టన్నులకి టన్నులు కాగితం లారీలకెక్కి దేశమంతా పోతుంది, ఆ చుట్టుపక్కల గూడేల్లో పాడే పాట మాత్రం ఆ కాగితం మీదకి ఎక్కలేదు.

ఇక్కడిదాకా చదివిన సాఫ్ట్‌వేర్ బుర్రకి వెంటనే వచ్చే ఆలోచన ఏమిటో నాకు తెలుసు. ఒక యాప్ చేద్దాం, వీకెండ్ హాకథాన్ పెడదాం, ఉన్న రికార్డింగులన్నీ లాగి మోడల్‌కి తినిపిద్దాం, ఆయన గొంతుతోనే కొత్త పాటలు పాడిద్దాం. దయచేసి వద్దు. పోయిన మనిషి గొంతుని మెషిను చేత పాడించి అభిమానం అనుకోవడం నాకు నచ్చదు. రాక్ అభిమానులుగా మనకి ఇంకో జబ్బు కూడా ఉంది: దొరికిన ప్రతి బూట్‌లెగ్ రికార్డింగూ అందరికీ పంచేయాలి, పాట అందరిదీ అని. అమెరికా బ్యాండుకి అది చెల్లుతుందేమో. గట్టు కథ అందరిదీ కాదు. అది ఆ గట్టుది, ఆ వేల్పుది. పడిగె ఎప్పుడు విప్పాలి, ఏ కథ ఎవరి ముందు చెప్పాలి అన్నదానికి లెక్కలున్నాయి. వాళ్ళు ఇది బయటికి వద్దు అంటే వద్దనే. మన క్లౌడ్‌లో పెట్టి తాళం మన దగ్గరుంచుకుంటే అది భద్రపరచడం అనిపించుకోదు.

ఇంకో చిక్కు, పాట ఒక్కటే దాచితే చాలదు. డోలీ పాడాలంటే కొలుపు జరగాలి, కొలుపు జరగాలంటే వేల్పు స్థలం ఉండాలి, ఊరు ఉండాలి. ఖమ్మం దాటి అడవి మొదలయ్యే ఆ సరిహద్దులో ఒకవైపు ఓపెన్‌కాస్ట్ గనులు, ఇంకోవైపు థర్మల్ ప్లాంటు, గోదావరి అవతల పోలవరం ముంపు. ఊరు లేచి కాలనీకి మారినప్పుడు గిన్నెలూ మంచాలూ ట్రాక్టరు ఎక్కుతాయి. పాట పాడే సందర్భం ఎక్కదు. గిటారు ఏ స్టేడియంలోనైనా మోగుతుంది, దీని సంగతి అలా కాదు.

మరి అభిమానులం ఏం చెయ్యాలి? నాకు తోచింది చాలా బోరుకొట్టే పని. ఇంకా డోలు పడుతున్న పెద్దవాళ్ళ దగ్గరికి, వాళ్ళు రమ్మన్నప్పుడు, కొలుపు జరిగే రోజు వెళ్ళాలి. మొత్తం రాత్రి, కట్ లేకుండా, రెండు మంచి మైకులతో రికార్డు చెయ్యాలి. తర్వాత కోయ తెలిసిన చదువుకున్న పిల్లలకి, ఉచిత సేవ అనకుండా మన కాంట్రాక్టర్లకి ఇచ్చినట్టే గంటకింత అని డబ్బులిచ్చి, మాటమాటా తెలుగు లిపిలో రాయించాలి, అర్థం రాయించాలి. కాపీ ముందు ఆ ఊరికి ఇవ్వాలి. పాడినవాళ్ళకి డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన పక్కన కూర్చుని నేర్చుకునే కుర్రాడికి ఒక ఏడాది, రెండేళ్ళు బతుకుతెరువు చూపించడం. హార్డ్ డిస్క్ పాడదు, వాడు పాడతాడు. నలుగురైదుగురు సీనియర్ ఇంజనీర్లు ఏడాదికో ఫోను మార్చడం మానుకుంటే తేలే ఖర్చు ఇది.

సికింద్రాబాదులో రాత్రి మణుగూరు రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు. మీలో మణుగూరు, పినపాక, గుండాల, తాడ్వాయి వైపు వాళ్ళెవరైనా ఉంటే ఒక సాయం చెయ్యండి. మీ చుట్టుపక్కల పడిగె చూసి కథ చెప్పగలిగేవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారు, వాళ్ళ పక్కన నేర్చుకుంటూ కూర్చునే పిల్లలు ఎవరైనా ఉన్నారా లేదా, కనుక్కుని రాయండి. పేర్లూ ఫోన్ నంబర్లూ ఇక్కడ వద్దు, ఊరి పేరు, సంఖ్య చాలు. ముందు ఆ లెక్క తేలాలి.