వినేవాళ్లకూ చెప్పాల్సింది ఉంది

హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లారదు. తెల్లారేసరికి అక్కడ సగం పని అయిపోతుంది. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చిన బంతి, చామంతి బస్తాలు చీకట్లోనే దిగుతాయి. రైతు, కమీషన్ ఏజెంటు, హమాలీ, మూరల లెక్కన దండలు అమ్ముకునే ఆడవాళ్లు అందరూ ఆ రెండు మూడు గంటల్లోనే రోజు బతుకు తేల్చుకుంటారు. నేను ఉండేది ఆ దగ్గర్లోనే. ఒకరోజు అక్కడ ఒక దుకాణం ముందు చిట్టీలు రాస్తున్న కుర్రాడు తలెత్తి చూసి, గబుక్కున లేచి "నమస్తే సార్" అన్నాడు. మా కాలేజీలో బీకాం రెండో ఏడు చదివే పిల్లవాడు. బస్తాకెంత, కమీషనెంత, హమాలీ కూలీ ఎంత, వాడిపోయిన సరుకు కింద ఎంత కోత, రైతు చేతికి ఎంత అన్నీ నోటితోనే తేల్చి కాగితం మీద పెడుతున్నాడు. అంతకు ముందు వారమే నా స్టాటిస్టిక్స్ ఇంటర్నల్‌లో వాడికి ఇరవైకి నాలుగు మార్కులు వేశాను.

ఏందిరా ఇది అని అడిగితే వాడు చెప్పిన మాట ఇది: "లెక్కనైతే వస్తది సార్. అండ్ల అడిగిందేందో సమజ్ కాలే."

ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. నా పాఠం ఎక్కడ తెగిపోతోందో అంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. ఏ ఇన్‌స్పెక్షన్ కమిటీ చెప్పలేదు, ఏ రిఫ్రెషర్ కోర్సూ చెప్పలేదు. చెప్పింది ఫెయిలైన పిల్లవాడు. అదీ నేను అడిగితేనే.

అందుకే మన స్టాఫ్ రూముల్లో, అకడమిక్ మీటింగుల్లో వేదవాక్కులా చెలామణీ అయ్యే ఒక అభిప్రాయాన్ని ఇక్కడ గట్టిగా ఖండించదలిచాను. "పాఠం చెప్పడం మా పని, చదవడం వాళ్ల పని. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో పిల్లలకేం తెలుసు?" అనేది ఆ అభిప్రాయం. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. చాలామంది నాకంటే బాగా చదువుకున్నవాళ్లు. కానీ ఈ మాట తప్పు. దీనివల్ల మన విశ్వవిద్యాలయాల్లో చదువు నష్టపోతోంది.

వాళ్ల వాదనలో మొదటిది గురుశిష్య సంప్రదాయం. విద్యార్థిని సలహా అడిగితే గురువు స్థానం పడిపోతుందంటారు. ఏ సంప్రదాయం? ప్రశ్నోపనిషత్తు పేరే ప్రశ్న. ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుడి దగ్గరికి వెళ్తారు. ఏడాది నాతో ఉండండి, తర్వాత మీకు కావలసింది అడగండి, నాకు తెలిస్తే చెబుతాను అంటాడాయన. ఏది ముందు చెప్పాలో నిర్ణయించింది ఆ ఆరుగురి ప్రశ్నలే. తెలిస్తే చెబుతానన్నందుకు పిప్పలాదుడి గౌరవం వీసమెత్తు తగ్గలేదు. మనం సంప్రదాయమని పట్టుకున్నది ఉపనిషత్తు నుంచి వచ్చింది కాదు. అది కుర్చీ నుంచి వచ్చింది.

ఆ కుర్చీ చరిత్ర హైదరాబాద్‌లో ఎలా నడిచిందో చూడండి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆధునిక శాస్త్రాలను దేశభాషలో చెప్పాలన్న గొప్ప ఆలోచన దాని పునాది. అందుకోసం అనువాద విభాగం పెట్టి పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. మెచ్చుకోవలసిన పని. కానీ అప్పటి నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. తరగతిలో కూర్చునే తెలుగు పిల్లవాడికి ఏ భాషలో తలకెక్కుతుందని ఎవరూ వాడిని అడగలేదు. 1948 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లిష్ వచ్చింది. అప్పుడూ అడగలేదు. 2016లో డిగ్రీలో సెమిస్టర్లు, సబ్జెక్టులను ఎంచుకునే సీబీసీఎస్ పద్ధతి వచ్చాయి. ఎంచుకునే స్వేచ్ఛ అన్నారు. చాలా కాలేజీల్లో ఉన్న లెక్చరర్ ఏది చెప్పగలిగితే అదే పిల్లలు 'ఎంచుకున్న' సబ్జెక్టు అయింది. మాధ్యమం మారింది, పద్ధతి మారింది, పరీక్ష మారింది. అడగకుండా నిర్ణయించే అలవాటు ఒక్కటి మారలేదు.

అదే 1918లో అర్జెంటీనాలోని కోర్డోబా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పాతబడిన చదువు మీద తిరగబడ్డారు. పాలక మండళ్లలో తమకూ చోటు కావాలన్నారు. సాధించారు. ఆ సంస్కరణ లాటిన్ అమెరికా అంతటా పాకింది. స్కాట్లాండ్‌లో 2003 నుంచి విశ్వవిద్యాలయాల నాణ్యతను సమీక్షించే బృందాల్లో విద్యార్థి కూడా పూర్తి సభ్యుడు. ఆ దేశాల్లో చదువు ప్రమాణాలు కూలిపోయాయని ఎవరూ అనరు.

రెండో వాదన: అడిగితే అన్నీ సులువు చేయమంటారు. దీనికి నా జవాబు ఆ పూల మార్కెట్ కుర్రాడే. వాడినీ, ఇంకో ముగ్గురినీ కూర్చోబెట్టుకుని మూడు శనివారాలు ఒక యూనిట్‌ను కలిసి తిరగరాశాం. సూచీ సంఖ్యలు, రుతువులను బట్టి వచ్చే ధరల మార్పులు మా పాఠం. పుస్తకంలో ఉక్కు కర్మాగారం ఉదాహరణ ఉంది. మా తరగతిలో ఉక్కు కర్మాగారం చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆషాఢంలో బంతిపూల ధర ఎట్లా పడిపోతుందో, శ్రావణం రాగానే ఎట్లా లేస్తుందో, బతుకమ్మకూ దసరాకూ ఎక్కడికి పోతుందో వాళ్లకు తెలుసు. ఆ ధరలనే పట్టికగా వేశాం. పద్ధతి పుస్తకంలోదే, సూత్రం అదే, కష్టం అంతే. ప్రశ్నను ముందు ఇంగ్లిష్‌లో చదివి, అందులో ఏమడిగారో తెలుగులో ఒక్క వాక్యంలో రాసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలన్నది వాళ్ల ప్రతిపాదన. ఇంకొకటి కూడా అడిగారు. పరీక్షలు తగ్గించమని కాదు, వారానికో చిన్న పరీక్ష పెట్టమని. "ఆఖరికి తెలిస్తే ఏం లాభం సార్, ముందే తెలవాలె గదా" అంది ఒక అమ్మాయి. ఆ తర్వాతి ఇంటర్నల్‌లో ఆ యూనిట్ ప్రశ్నను ఖాళీగా వదిలేసినవాళ్లు మా తరగతిలో లేరు.

పిల్లలు సులువు కోరుకోరని కాదు. తమ మాట ఎలాగూ చెల్లదనుకున్నప్పుడు ఎవరైనా సులువే కోరుకుంటారు. చెల్లుతుందని తెలిస్తే బాధ్యత వస్తుంది.

మూడో వాదన: ఫీడ్‌బ్యాక్ తీసుకుంటూనే ఉన్నాం కదా! అవును, కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే నాక్ అడుగుతుంది కాబట్టి తీసుకుంటున్నాం. ఇరవైకి పైగా ప్రశ్నలు, ఒక్కోదానికి టిక్కు. సెమిస్టర్ అయిపోయాక నింపే ఆ కాగితం వల్ల నింపినవాడికి ఒరిగేదేమీ లేదు. వాడు పాసై వెళ్లిపోతాడు. పైగా కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఆ ఫీడ్‌బ్యాక్ మార్కులను అధ్యాపకుల మెడ మీద కత్తిగా వాడుతున్నారు. గెస్టు లెక్చరర్లు, కాంట్రాక్టు లెక్చరర్లు వాటికి భయపడటంలో న్యాయం ఉంది. నేను అడుగుతున్నది అది కాదు. మధ్యయుగంలో బొలోనాలో విద్యార్థులే గురువులకు జీతాలిచ్చి, ఆలస్యంగా వస్తే జరిమానా వేసేవారు. అదీ నాకు వద్దు. యజమానికీ నౌకరుకూ మధ్య చదువు పండదు. మార్కులు వేసుకోవడం కాదు, పక్కన కూర్చుని పని పంచుకోవడం కావాలి. అలా తెలిసిన విషయాన్ని ఏ అధ్యాపకుడి ఉద్యోగం మీదా వాడకూడదన్న షరతు మొదటి రోజే రాసిపెట్టాలి.

చివరి వాదన: విద్యార్థులను లోపలికి రానిస్తే రాజకీయాలు వస్తాయి. 1980ల చివర్లో ఆ భయంతోనే మన విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం జరుగుతున్నాయి. మరి ఆపేసిన చోట గొడవలు ఆగాయా? 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీలో వేల మంది పిల్లలు వారం రోజులు క్యాంపస్‌లో బైఠాయించారు. రెగ్యులర్ వీసీని వేయండి, సరిపడా అధ్యాపకులను ఇవ్వండి, కనీస సదుపాయాలు కల్పించండి అన్నారు. ఇందులో రాజకీయం ఏముంది? ఏ విద్యావేత్తను అడిగినా ఇవే చెబుతాడు. గదిలో కూర్చోబెట్టి వినాల్సిన మాటను వినకపోతే, అదే మాట ఎండలో, వానలో నినాదమై వస్తుంది.

అటానమస్ కాలేజీల్లో సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్పు ఒకసారి చూడండి. బయటి నిపుణులకు చోటుంది. పరిశ్రమ ప్రతినిధికి చోటుంది. ప్రతిభావంతుడైన పూర్వ విద్యార్థికి చోటుంది. ఇప్పుడు ఆ సిలబస్‌నే చదువుతున్న విద్యార్థికి లేదు. చదువు ముగించినవాడి మాట వింటారు, చదువుతున్నవాడి మాట వినరు. కొలతలు తీసుకోకుండా బట్ట కుట్టే దర్జీ దగ్గరికి మనం వెళ్తామా?

ఉన్నత విద్యామండలినీ, విశ్వవిద్యాలయాలనూ నేను కోరేది ఇదే. ప్రతి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఇద్దరు ప్రస్తుత విద్యార్థులను సభ్యులుగా వేయండి. ఒకరు తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో బడి చదువు ముగించి వచ్చినవాళ్లై ఉండాలి. ర్యాంకర్లనే ఎంచకండి. పాఠం ఎక్కడ అర్థం కాలేదో అర్థం కానివాళ్లే చెప్పగలరు.

తోటి అధ్యాపకులకు ఒక మాట. నిబంధనలు మారేదాకా ఆగనక్కర్లేదు. ఈ సెమిస్టర్ మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్దాక ఒక పీరియడ్ పక్కన పెట్టండి. బాగా తక్కువ మార్కులు వచ్చిన నలుగురిని పిలవండి. మందలించకండి. ఎక్కడ తెగిందని అడిగి, వాళ్లు చెప్పేది రాసుకోండి. నాకు ఇరవై ఏళ్లు పట్టిన పాఠం మీకు ఒక పీరియడ్‌లో దొరుకుతుంది.