పాట మధ్యలో గొంతు మాయం!

బామ్మ పాడే మంగళహారతిని కంప్యూటర్‌లో దాచుకుందామని ఇంటిల్లిపాదీ సరదాపడతారు. ఫ్యాను ఆపుతారు, కిటికీలు మూస్తారు. తీరా రికార్డయ్యాక వింటే మధ్యమధ్యలో టిక్కుటిక్కుమనే చప్పుడు, చరణంలో ఓ అక్షరం గల్లంతు! మైకు పాడైందనుకుని వెంటనే కొత్తది కొనేవారే ఎక్కువ. చాలాసార్లు తప్పు మైకుది కానే కాదు.

ఎందుకిలా?

సీడీ నాణ్యతతో రికార్డు చేస్తున్నప్పుడు గొంతును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఈ అంకెలన్నీ 'బఫర్‌' అనే చిన్న తొట్టిలో చేరతాయి. అది నిండేలోగా కంప్యూటర్‌ వచ్చి తోడుకుపోవాలి. వేరే పనిలో పడి ఆలస్యం చేసిందా... తొట్టి పొంగి కొన్ని అంకెలు నేలపాలవుతాయి. పాటలో వినిపించే గండి అదే. బఫర్‌ 128 శాంపిళ్లయితే కంప్యూటర్‌కు దొరికే గడువు సుమారు 3 మిల్లీసెకన్లే. 512కి పెంచితే దాదాపు 12, 1024 అయితే 23 మిల్లీసెకన్లు.

ముందు దొంగను పట్టండి

ఒక నిమిషం పాడి, వినండి. కత్తితో కోసినట్టు ఠక్కున తెగి, టిక్కుమంటుంటే కంప్యూటర్‌నే అనుమానించాలి. వైరు కదిలించినప్పుడల్లా గరగరమంటే వైరుదో, పిన్నుదో లోపం. అలాకాక రాగం చివర, గొంతు పల్చబడిన చోట మాత్రమే మాయమవుతోందా? అది 'నాయిస్‌ సప్రెషన్‌' పని. ఫోన్లో మాట్లాడేటప్పుడు చుట్టూ ఉన్న రొద వినపడకుండా చేసే ఏర్పాటిది. సాగదీసిన స్వరాన్ని కూడా ఫ్యాను మోత అనుకుని తుడిచేస్తుంది. విండోస్‌ సౌండ్‌ సెట్టింగుల్లో మీ మైకు దగ్గర కనిపించే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌'ను ఆఫ్‌ చేస్తే చాలావరకూ సరిపోతుంది.

తప్పు కంప్యూటర్‌దైతే...

* రికార్డింగ్‌ సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ను 512కో, 1024కో పెంచండి. అయితే హెడ్‌ఫోన్స్‌లో ఎవరి గొంతు వారికే కాస్త ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌ ఉంటే దానిమీద 'డైరెక్ట్‌ మానిటరింగ్‌' నొక్కండి. గొంతు కంప్యూటర్‌ దాకా వెళ్లిరాకుండా నేరుగా చెవికి చేరుతుంది. అది లేనివారు సాఫ్ట్‌వేర్‌లో సొంత గొంతు వినిపించే సౌకర్యాన్ని ఆపేసి, ఒక చెవికి మాత్రమే హెడ్‌ఫోన్‌ పెట్టుకుని పాడొచ్చు.

* బ్రౌజర్‌ మూసేయండి. వైరస్‌ స్కానింగ్‌, అప్‌డేట్లు ఆ సమయంలో నడవకుండా చూడండి. వైఫై, బ్లూటూత్‌ కాసేపు ఆపండి.

* ల్యాప్‌టాప్‌ అయితే ఛార్జర్‌ తగిలించి ఉంచండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు కరెంటు పొదుపు కోసం దాని వేగం తగ్గుతుంది.

* యూఎస్‌బీ మైకును హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

* ఎకో, రివర్బ్‌ లాంటి హంగులు పాడేటప్పుడు వద్దు. తర్వాత తీరిగ్గా కలుపుకోవచ్చు.

* విండోస్‌లో 48,000, సాఫ్ట్‌వేర్‌లో 44,100 ఉన్నా తేడా రావచ్చు. రెండుచోట్లా ఒకే అంకె పెట్టండి.

ఉచితంగా దొరికే 'ఆడాసిటీ' వాడేవారికి మరో వెసులుబాటుంది. రికార్డింగ్‌ ప్రిఫరెన్సెస్‌లో 'డిటెక్ట్‌ డ్రాపౌట్స్‌'ను ఎంచుకుంటే ఎక్కడెక్కడ గండి పడిందో గుర్తుపెట్టి చూపిస్తుంది. పాట మొత్తం మళ్లీ పాడక్కర్లేదు, ఆ ఒక్క చరణం పాడి అతికించుకోవచ్చు.

చిన్నచిన్న టిక్కులను సాఫ్ట్‌వేర్‌తో చెరిపేయవచ్చు కానీ, జారిపోయిన అక్షరాన్ని పాడిన గొంతుతోనే తిరిగి తేవడం కష్టం. పెద్దవాళ్లను రెండోసారి కూర్చోబెట్టడం, పిల్లల చేత అదే హుషారుతో మళ్లీ పాడించడం అన్నిసార్లూ కుదరదు. అందుకే అసలు పాటకు ముందు ఓ రెండు నిమిషాలు ఉత్తుత్తి రికార్డింగ్‌ చేసి, హెడ్‌ఫోన్స్‌లో పూర్తిగా విన్నాకే శ్రుతి పెట్టండి.