హెరాల్డ్ కారును తూకానికి వేయవద్దు

బేగంబజార్: కిరాణా సరుకులకో, పెళ్లి గిన్నెలకో, దుకాణం సామాన్లకో జిల్లా గ్రామాల నుంచి వచ్చి ఇమ్లీబన్‌లో బస్సు దిగి బేగంబజార్ చేరేవారు, ఆ రోజు గురువారమైతే, దగ్గరలోని జుమ్మేరాత్ బజార్ వైపు ఒకసారి తొంగి చూడకుండా పోరు. అక్కడ గోనెపట్టాల మీద పరచిన పాత సామాన్లలో తాళాలు, గడియారాలు, ఇత్తడి దీపాలతో పాటు యెప్పటివో కార్ల చక్రపు మూతలు, హారన్లు, తలుపు పిడులు కూడా వుంటాయి. "ఏం బండిదే కాకా ఇది?" అని అడిగితే "ఏమో బిడ్డా, పాత కారుది, పట్టుకపో" అనే జవాబే తరచుగా వస్తుంది. కొనేవానికీ తెలియదు, అమ్మేవానికీ తెలియదు.

ఆ చక్రపు మూత ఒకప్పుడు యే వూరి కొట్టంలోనో నిలబడి వున్న కారుది. గ్రామాలలో యిప్పటికీ అక్కడక్కడ పాత అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు గడ్డివాముల పక్కన, రేకుల కొట్టాలలో పడివున్నాయి. పాత ఇనుము కొనేవాడు వూళ్లోకి వచ్చినప్పుడు కిలోకు యింత అని లెక్కగట్టి యిచ్చివేస్తున్నారు. చోటు కలిసి వస్తుంది, నాలుగు రూపాయలు చేతికి వస్తాయి. వారిని తప్పుపట్టడానికి లేదు. కానీ వాటిలో స్టాండర్డ్ హెరాల్డ్ వున్నట్లయితే మాత్రం త్రాసు యెక్కించే ముందు ఆ యింటివారు ఒక్కసారి ఆలోచించవలసి వుంది.

హెరాల్డ్ అనగానే నలభై యేళ్లలోపు వారికి గుర్తు వచ్చే అవకాశం తక్కువ. మద్రాసు దగ్గర వండలూరులో ఫ్యాక్టరీ పెట్టిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీవారు 1961 నుంచి 1970ల తొలినాళ్ల వరకు తయారు చేసిన చిన్న కారది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో 1959లో వెలువడిన కారుకు యిది మన దేశపు రూపం. ఇంజను చిన్నదే, 948 సి.సి. మాత్రమే. రూపురేఖలు గీసింది ఇటలీలోని ట్యూరిన్‌కు చెందిన జొవాన్నీ మికెలొట్టి. దీపాలపై కనుబొమలు వాలినట్లు వుండే ముందుభాగం, వెనుక రెండు మూలల్లో తోక రెక్కల వలె లేచిన అంచులు, పలుచని స్తంభాల మధ్య పెద్ద పెద్ద అద్దాలు. అంబాసిడర్ పక్కన నిలబెడితే పెద్దమనిషి పక్కన పెళ్లికొడుకును నిలబెట్టినట్లు వుండేది.

ఈ పెళ్లికొడుకుకు ఒక తమ్ముడున్నాడు. హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిగా కోసి, దానిమీద రెండు సీట్ల బాడీ కట్టి, అదే మికెలొట్టి గీతలతో 1962లో ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును విడుదల చేశారు. 1980 వరకు మూడు లక్షలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారైనాయి. నేటికీ పాత స్పోర్ట్స్ కార్ల ప్రియులు దాన్ని వెతికి వెతికి కొంటున్నారు. దానికి ఆ పేరు రెండవ ప్రపంచ యుద్ధం నాటి యుద్ధ విమానం మీదుగా వచ్చింది. ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పుకోవచ్చు. 1940లో ఆ స్పిట్‌ఫైర్ విమానాలు నడిపి పోరాడిన బ్రిటిష్ దళాలలో ఒకదాని పేరు 152వ నెంబరు హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం యిచ్చిన విరాళానికి గుర్తుగా దానికి మన పట్నం పేరు పెట్టి, చిహ్నంలో నిజాం తలపాగా వేశారు. కారుకూ హైదరాబాద్‌కూ యింతకు మించిన సంబంధం లేదు గానీ, పేరు వినగానే గుర్తు రాక మానదు.

స్పిట్‌ఫైర్‌లో జనం ముచ్చటపడే అందాలు చాలావరకు అన్న దగ్గర నుంచి వచ్చినవే. అందులో మొదటిది ముందుభాగం తెరుచుకునే తీరు. మామూలు కార్లకు పైమూత ఒక్కటే లేస్తుంది. హెరాల్డ్‌కు, స్పిట్‌ఫైర్‌కు అట్లా కాదు. ముందు చక్రాల వెనుక అటొకటి, యిటొకటి వున్న కొక్కేలు తీసి యెత్తితే బానెట్, మడ్‌గార్డులు, దీపాలు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. ఎద్దు మూతి నేలకానించి మేస్తున్నట్లు కనిపిస్తుంది. అప్పుడు ఇంజను, స్టీరింగు, ముందు చక్రాల స్ప్రింగులు సమస్తం బయటపడతాయి. మెకానిక్ వంగి నడుము విరగగొట్టుకోనవసరం లేదు. ముందు టైరు మీదనే పీట వేసుకున్నట్లు కూర్చుని పని చేసుకోవచ్చును. నూనె యెక్కడ పోయాలో, బెల్టు యెట్లా తిరుగుతుందో పక్కన నిలబడ్డ పిల్లవానికి కూడా తెలిసిపోతుంది.

ఇది కేవలం షోకు కోసం చేసింది కాదు. దాని వెనుక ఒక యిబ్బంది వుంది. స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీకి కారు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే సంస్థను 1953లో పోటీదారైన బి.ఎం.సి. కంపెనీ కొనివేసింది. బాడీ అంతా ఒకే పెట్టెగా అతికే కొత్త పద్ధతికి పోదామంటే చేసిపెట్టేవారు లేకపోయారు. అందుచేత విడిగా ఛాసిస్ వేసి, బాడీని ముక్కలు ముక్కలుగా పలుచోట్ల చేయించి, బోల్టులతో బిగించారు. పైకప్పు కూడా బోల్టులు విప్పితే వూడి వస్తుంది. కప్పు వున్న కారు, గుడ్డకప్పు కారు, వ్యాను అన్నీ ఒకే అడుగు మీద తయారు చేయడానికి యిదే వీలు కల్పించింది. వూళ్లో వడ్లాయన ఒకే యిరుసు, చక్రాల మీద ఎరువు తోలే బండీ, సవారీ కచ్చురమూ కట్టినట్లన్న మాట. స్పిట్‌ఫైర్ పుట్టింది ఆ వీలులోంచే.

ఇక మలుపు. బేగంబజార్ సందులు యెట్లాంటివో సరుకు మోయించుకుపోయిన ప్రతివారికీ తెలుసు. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకుల కోసం యిచ్చిన స్థలంలో యేర్పడినందున దీనికి బేగంబజార్ అని పేరు వచ్చింది. అది ఎడ్లబండ్ల కాలం. ట్రాలీలు, తోపుడుబండ్లు, హమాలీల మూటల మధ్య యీ సందుల్లో నేటి కారు వెనక్కు తిప్పాలంటే డ్రైవరుకు చెమటలు పడతాయి. నేటి చిన్న కార్లకు సైతం గుండ్రంగా తిరగడానికి ముప్పై అడుగుల చోటు కావాలి. అరవై యేళ్ల పైబడిన హెరాల్డ్‌కు యిరవై అయిదు అడుగులు చాలు. స్పిట్‌ఫైర్‌కు యింకొక అడుగు తక్కువే. ముందు చక్రాలు అడ్డం తిరిగినంతగా తిరుగుతాయి, కారు ఉన్నచోటనే బొంగరంలా మళ్లుతుంది. ఇంత చక్కని గుణాన్ని తరువాతి కార్లలో యెందుకు వదిలివేశారంటే, ఇంజను తిప్పుడు ముందు చక్రాలకే అందించే పద్ధతి రావడంతో వాటిని అంత వంకరగా తిప్పడం కష్టమైంది. కొత్త పద్ధతి వల్ల కారులో జాగా పెరిగింది నిజమే. సందులో తిరిగే సుఖం మాత్రం పోయింది.

స్పిట్‌ఫైర్ తొలి కార్లలో మరొక ముచ్చట వుంది. వేగం చూపే గడియారం, పెట్రోలు ముల్లు వగైరాలు డ్రైవరు యెదుట కాక, పలక మధ్యలో వుంటాయి. చూడటానికి వింతగా వున్నా దాని లెక్క దానికుంది. ఎడమ చేతి వైపు స్టీరింగు కావలసిన దేశానికైనా, కుడిచేతి వైపు కావలసిన దేశానికైనా అదే పలక సరిపోతుంది. ఖర్చు తగ్గించుకునే ఉపాయం చివరికి అందమై కూర్చున్నది.

హెరాల్డ్‌లో లోపాలు లేవని చెప్పడం అబద్ధమే అవుతుంది. వెనుక రెండు చక్రాలు వేటికవి పైకీ కిందికీ ఆడే పద్ధతి మన రోడ్లకు, మన బరువులకు సరిపడలేదు. అయిదుగురు కూర్చునే చోట యెనిమిది మంది యెక్కి, పైన మూటలు కూడా వేస్తే వెనుక చక్రాల పైభాగాలు లోపలికి వాలిపోయేవి. దూరం నుంచి చూస్తే కారు కుంగి చతికిలబడ్డట్లు వుండేది. మొదట రెండే తలుపులు వుండటం కుటుంబాలకు అసౌకర్యంగా తోచింది. కంపెనీవారు 1960ల చివర నాలుగు తలుపుల హెరాల్డ్ తెచ్చారు. తరువాత వచ్చిన గెజెల్ కారుకు వెనుక మామూలు యిరుసే వేశారు. ఆ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారును తెచ్చింది గానీ, అది అమ్ముడుపోక రెండు మూడేళ్లలోనే ఆగిపోయింది. ఇప్పుడు విడిభాగాలు దొరకడం యెంత కష్టమో జుమ్మేరాత్ బజార్ చుట్టూ తిరిగేవారినే అడగాలి.

బేగంబజార్ నుంచి మూసీ దాటి చార్మినార్ వైపు పోతే చౌమహల్లా ప్యాలెస్ వస్తుంది. 2005 నుంచి ప్రజల సందర్శనకు తెరిచిన ఆ ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు వుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తయారు చేయమని చెప్పి, అది చేతికి రాకముందే 1911లో మరణించారు. లండన్‌లోని బార్కర్ కంపెనీవారు దానికి గుమ్మటం వంటి కప్పు, లోపల మిగతా సీట్లకంటె యెత్తుగా సింహాసనం అమర్చారు. పసుపు అసఫ్‌జాహీ జెండా రంగు. చూడవలసిన కారే, సందేహం లేదు. కానీ అది లోపల కూర్చున్న ప్రభువును బయటివారు చూడటానికి చేసిన కారు. హెరాల్డ్ అట్లా కాక, ఎవరైనా దగ్గరికి వచ్చి తెరిచి చూడటానికి వీలుగా చేసినది. ప్రభువు కారు భద్రంగా వున్నందుకు సంతోషించవలసిందే. సామాన్యుడు నడిపిన కారు మాత్రం తూకం లెక్కన వెళ్లిపోతున్నది. జిల్లాలో దానిని చూపించే చోటు ఒక్కటీ లేదు.

చట్టం కొంత దారి చూపింది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో పాతకాలపు వాహనాలకు వేరుగా నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ అయిన నాటి నుంచి 50 యేళ్లు దాటిన, సొంతానికి వాడిన కార్లు, మోటారు సైకిళ్లు దీని కిందికి వస్తాయి. లెక్క ప్రకారం చూస్తే దేశంలోని ప్రతి హెరాల్డూ ఆ వయసు దాటింది. కొత్తగా రిజిస్టరు చేయించేవాటికి నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వుంటాయి. ఇదివరకే రిజిస్టరైనవి తమ పాత నంబరునే వుంచుకోవచ్చు. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. అట్టి కారును బజారుకూ, పొలానికీ రోజూ తిప్పడానికి వీలులేదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే రోడ్డెక్కాలి.

ఇంతవరకు బాగానే వుంది. అయితే రుసుము 20,000 రూపాయలు. గడువు తీరాక మళ్లీ 5,000. పట్నంలో పాత కార్లు సేకరించే శ్రీమంతులకు యిది లెక్కలోనిది కాదు. గ్రామంలో తండ్రి కొన్న కారును కొట్టంలో దాచుకున్న రైతుకు మాత్రం, పాత ఇనుము కింద వచ్చే సొమ్ము ఒకవైపు, ప్రభుత్వానికి కట్టవలసిన సొమ్ము మరొకవైపు కనిపిస్తుంది. అతడు ఏవైపు మొగ్గుతాడో చెప్పనవసరం లేదు. విదేశాల నుంచి ఓడలో తెప్పించిన ఖరీదైన కారుకూ, మద్రాసులో తయారైన 948 సి.సి. కారుకూ ఒకే రుసుము అనడంలో న్యాయం కనిపించదు. దేశంలో తయారైన చిన్న కార్లకు రుసుము తగ్గించవలసి వుంది. రోడ్డెక్కించకుండా విద్యాసంస్థకు దానం చేసేవారికి కాగితాల పని సులభం చేయాలి.

దానం అన్నమాట వూరికే వచ్చింది కాదు. జిల్లాలోని ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్‌లలో మోటారు మెకానిజం నేర్చుకునే విద్యార్థులు నేటి కారు మూత యెత్తితే కనబడేది నల్లటి ప్లాస్టిక్ తొడుగు. లోపల యేం జరుగుతున్నదో కంప్యూటరు పెట్టి చూడాలి. హెరాల్డ్ ముందుభాగం వంచి నిలబెడితే కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, స్టీరింగు పళ్లపట్టీ, అన్నీ ఒకే చూపులో ఒకదానికొకటి యెట్లా కలిసాయో అర్థమవుతుంది. తరగతి గదిలో బొమ్మ గీసి గంటసేపు చెప్పినా రానిది అరగంటలో వస్తుంది. ఒక్కో సంస్థకు ఒక్క కారు దొరికినా చాలు. దానికి రోడ్డు పర్మిషన్‌తో పనే లేదు.

కారు వుంచుకోదలచినవారు ఒక్క విషయం మరచిపోకూడదు. పాత కార్లలో పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను బిగించడం ఒకప్పుడు పరిపాటి. నిబంధన ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో వున్న కారుకే పాతకాలపు వాహనంగా గుర్తింపు వస్తుంది. కనుక అసలు ఇంజను పాడై మూలన పడివున్నా సరే, దాన్ని ఇనుముకు వేయకుండా కారుతోనే వుంచాలి. చౌకగా వస్తున్నదని వేరే ఇంజను బిగించవద్దు. దరఖాస్తు 20వ నెంబరు ఫారంపై చేయాలి. పాత ఆర్.సి., ఇన్సూరెన్సు కాగితం జతపరచాలి. ఆర్.సి. తండ్రి పేరునో, తాత పేరునో వుండి, వారు గతించినట్లయితే ముందుగా వారసుల పేరిట మార్పించుకోవడం మేలు. చాలా యిళ్లలో ఆ ఆర్.సి. యెక్కడో సందూకు అడుగున పాత పట్టా కాగితాల మధ్య వుంటుంది. ఇనుము వ్యాపారి వాకిట్లోకి రాకముందే దాన్ని వెతికి పెట్టుకోవాలి.