పట్నం మనది, పటం ఎవరిది?

తెలంగాణ కోసం కొట్లాడిన వాళ్లు అడిగింది ఒక్కటే. మా బతుకుల గురించి మమ్ములను అడగకుండా నిర్ణయాలు చేసుడు బంద్ కావాలె అన్నారు. 1956 పెద్దమనుషుల ఒప్పందం నుంచి 1985 నాటి 610 జీవో దాకా మన గోడు మూట విప్పితే అడుగున కనిపించేది ఇదే. నీళ్లు, నిధులు, నియామకాలు ఆ ఒక్క బాధకు పెట్టిన మూడు పేర్లు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సెక్రటేరియట్ మనదయింది. మరి మన ఊరి మునిసిపల్ ఆఫీసు మనదయిందా? ఈ మాట ఉద్యమ పత్రిక అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

కామారెడ్డినే చూడండి. 2016 అక్టోబర్‌లో జిల్లా కేంద్రమైన పట్నం అది. పెరుగుతున్న ఊరికి మాస్టర్ ప్లాన్ కావాలన్నారు. ముసాయిదా తయారైంది. అడ్లూర్ ఎల్లారెడ్డి, ఇల్చిపూర్ వంటి ఊళ్ల రైతులు చూసుకుంటే తాము దున్నుకుంటున్న భూములు పటంలో పారిశ్రామిక జోన్ కింద పడి ఉన్నయి. భూమి ఎటూ పోదు, గుంజుకోము, అది వట్టి ముసాయిదానే అన్నారు అధికారులు. కానీ జోన్ మారిన నాడు ఆ భూమికి ఏం జరుగుతదో రైతుకు తెలుసు. బిడ్డ పెండ్లికి ఎకరం అమ్ముదామంటే కొనేటోడు వెనక్కి తగ్గుతడు. ఇల్లు కట్టుకుందామంటే పర్మిషన్ రాదు. పట్టా పుస్తకంలో పేరు చెక్కు చెదరదు, ఆ పుస్తకం విలువ మాత్రం సగమైతది.

2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు రైతులు కుటుంబాలతో కలెక్టరేట్‌ను ముట్టడించారు. అభ్యంతరాలకు జనవరి 11 దాకా గడువున్నది, రాసి ఇవ్వండి అని వాళ్లకు చెప్పారు. ఆఖరుకు జనవరి 20న మునిసిపల్ కౌన్సిలే సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ రోజుల్లోనే జగిత్యాలలో కూడా మాస్టర్ ప్లాన్ మీద జనం రోడ్డెక్కారు, అక్కడి కౌన్సిల్ కూడా వెనక్కి తగ్గింది. అదే సంవత్సరం చివర అసెంబ్లీ ఎన్నికల్లో కామారెడ్డి ఓటర్లు అప్పటి ముఖ్యమంత్రినీ, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన నాయకుడినీ ఇద్దరినీ ఓడించి, రైతుల పక్షాన నిలబడ్డ స్థానికుడిని గెలిపించారు. ఆ ఫలితానికి మాస్టర్ ప్లాన్ ఒక్కటే కారణమని మేము అనం. కానీ ఊరి పటాన్ని చిన్న ముచ్చట అనుకునే నాయకులకు అది చెంపపెట్టు.

మాస్టర్ ప్లానే వద్దని మేము అంటలేం. ప్లాన్ లేని పట్నంలో చెరువు శిఖంలో వెంచర్లు లేస్తయి, నాలా మీద షాపులు లేస్తయి, వానొస్తే బస్తీ మునుగుతది. రోడ్డు వెడల్పు ముందే గీసి పెట్టకపోతే రేపు కూలగొట్టేది పేదోడి ఇల్లే. మా కొట్లాట పటం మీద కాదు, పటం గీసే తీరు మీద. పేపర్లో ఒక మూలకు ప్రకటన వేస్తారు. మునిసిపల్ ఆఫీసు గోడకు ఒక మ్యాపు తగిలిస్తారు. దాని మీద రంగులుంటయి, ఇంగ్లీషు అక్షరాలుంటయి. సర్వే నంబరు ఏ రంగులో ఉందో తెలుసుకోవాలంటే రైతు ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలె. ఇట్ల చేసి, మీకు గడువు ఇచ్చినం కదా అంటే దాన్ని ప్రజాభిప్రాయం అనరు, తంతు అంటారు.

ఇక్కడ మా పత్రికల వాళ్ల లెక్క కూడా చూసుకోవాలె. 1989 నుంచి తెలుగు దినపత్రికలకు జిల్లా పేజీలు వచ్చినయి. గల్లీ వార్తకు చోటు దొరికింది, అది మంచిదే. కానీ ఆ పేజీ తెరిస్తే ఏం కనిపిస్తున్నది? సీసీ రోడ్డుకు కొబ్బరికాయ, నాయకుడి పుట్టినరోజు కేకు, శాలువాల ఫొటో. కౌన్సిల్ ఎజెండాలో ఏమున్నది, ఏ తీర్మానం చర్చ లేకుండా పాసైంది, చెత్త బండి కాంట్రాక్టు ఎవరికి పోయింది, ఇవి రావు. ఇందులో చిన్న విలేకరిని ఒక్కడినే తిట్టి లాభం లేదు. జీతం లేక, లైన్ల లెక్కన పైసలు తీసుకుంటూ, పండుగకు అదే కౌన్సిలర్ దగ్గర యాడ్ అడగవలసిన వాడు ఆ కౌన్సిలర్ మీద ఏం రాస్తడు?

ఇంకొకటి. పాలకవర్గం గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెప్తున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో గడువు తీరిన మునిసిపాలిటీలకు 2014 మార్చిలో గాని ఎన్నికలు జరగలేదు. సీమాంధ్ర పాలకుల నిర్లక్ష్యం అని అప్పుడు అన్నాం. మరి సొంత రాష్ట్రంలో? 2019లో గడువు తీరితే 2020 జనవరిలో ఎన్నికలు పెట్టారు. ఆ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో తీరితే మళ్లీ ప్రత్యేకాధికారులే వచ్చారు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేని పల్లెలకు 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగినయి. ఈ మధ్యలో ప్రభుత్వం మారింది, పార్టీ మారింది, అలవాటు మారలేదు. ప్రత్యేకాధికారి మంచోడే కావచ్చు. కానీ మోరీ నిండితే ఎవరి ఇంటి తలుపు కొట్టాలె?

చట్టంలో మంచి మాటలకు కొదవ లేదు. 2019 మునిసిపల్ చట్టం కింద ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలె. యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఒక్కొక్కటి, ఒక్కొక్క దాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో మీకు తెలుసా? వాళ్లు ఎన్నడన్నా కూసున్నారా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని చోట ఆ కమిటీలు కాగితం మీది పులులే.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. కౌన్సిల్ ఎజెండా సమావేశానికి వారం ముందే తెలుగులో ప్రతి వార్డులో అంటించాలె. మాస్టర్ ప్లాన్ ముసాయిదాను సర్వే నంబర్లతో సహా తెలుగులో అచ్చువేసి, పటంలోకి వచ్చే ప్రతి ఊరిలో సభ పెట్టి చదివి వినిపించాలె. వచ్చిన ప్రతి అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలె. వార్డు కమిటీ చర్చించని పనికి బిల్లు చెల్లించవద్దు.

ఉద్యోగ మిత్రులారా! సకల జనుల సమ్మెలో 42 రోజులు పెన్ను కింద పెట్టిన మీకు జీవో చదవడం, ఫైలు జాడ పట్టడం ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఆ విద్యను నెలకు ఒక్క సాయంత్రం మీ వార్డుకు ఇవ్వండి. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలె. మీ మునిసిపాలిటీ గత ఏడాది తీర్మానాల నకళ్లు అడగండి. చదివి, ఊరికి అర్థమయ్యే మాటల్లో రాయండి. అచ్చువేయడానికి మా పేజీలు ఉన్నయి.

కామారెడ్డి రైతులు రోడ్డెక్కిన తర్వాత కౌన్సిల్ తీర్మానం చేసింది. ఆ తీర్మానం ఒక ప్రాణం పోకముందే రావాల్సింది. ముందే అడిగే ఊర్లు, ముందే చెప్పే పాలకులు ఉంటేనే అది సాధ్యం. తెలంగాణ రాష్ట్రం ఢిల్లీ నుంచి వచ్చి ఉండొచ్చు. స్వపరిపాలన మాత్రం వార్డు నుంచే రావాలె.