కుక్కపిల్లకు ఇంటి మర్యాద నేర్పుట



కుక్కపిల్లను పెంచుట వేడుకయే. కాని అది ఇల్లు పాడుచేయకుండ నేర్పుట మన యోర్పునకు గొప్ప పరీక్ష. ఉపాధ్యాయుడనైన నేను ఈ పరీక్షలో మొదట తప్పితిని. ఏల తప్పితినో చెప్పుట కొందరికైన ఉపకరించునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా పెద్దలకు ఈ చిక్కు లేకుండెను. వారి యిండ్లకు పెరడులుండెడివి. కుక్క వాకిటనో పశువుల పాకలోనో పరుండెడిది. 1933లో విశాఖపట్టణమున ఓడరేవు తెరువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఊరు పెరిగెను, నేల ప్రియమయ్యెను, ఇంటిమీద ఇల్లు లేచెను. నేడు గాజువాకలోను మద్దిలపాలెములోను ఎన్నియో కుటుంబములు మూడవ అంతస్తుననో అయిదవ అంతస్తుననో కాపురముండుచున్నవి. కుక్కయు వాకిలి విడిచి మనతోబాటు లోనికి వచ్చినది. మారినది మన యిల్లే గాని కుక్క స్వభావము కాదు. ఈ సంగతి మరచి మనము దానిపై కోపించుచున్నాము.

మా కుమార్తె కోరగా ఒక వానకాలమున రెండు నెలల ఊరకుక్క పిల్లను తెచ్చుకొంటిమి. మేముండునది మూడవ అంతస్తు. అది చాపను తడిపెను. బియ్యపు సంచిని తడిపెను. తుదకు నేను దిద్ది పేర్చిన పరీక్షాపత్రములను సయితము తడిపెను. “ఇది మన యింట నిలుచునది కాదు, ఎవరికైన ఇచ్చివేయుడు” అని నా భార్య పట్టుపట్టెను. పిల్ల యేడ్చెను. ఆ సాయంకాలము నేను దాని ముక్కును ఆ తడిలో అదిమి, మడిచిన వార్తాపత్రికతో కొట్టితిని. అది మంచము క్రింద దూరెను. మరునాటినుండి ఇల్లు పొడిగ కనబడగా నా పద్ధతి ఫలించినదని మురిసితిని. నాలుగు దినములకు బీరువా వెనుకనుండి దుర్గంధము వచ్చెను. అది నేర్చుకొన్నది శుభ్రత కాదు, నా కంట పడకుండుట.

నేను సిగ్గుపడవలసిన సంగతి మరియొకటి గలదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పావ్లోవు పండితుని కుక్కలను గూర్చి, థార్న్‌డైకు పండితుని పిల్లులను గూర్చి చదివి ఉత్తీర్ణుడనైతిని. బహుమానము ఒక పనిని దృఢపరచినంతగా దండనము వేరొక పనిని మాన్పింపజాలదని థార్న్‌డైకు 1932 నాటికి తన సూత్రమునే సవరించుకొనెను. ఆ పాఠము పరీక్ష వ్రాయుటకు పనికివచ్చెను గాని నా యింటి గడప దాటి లోనికి రాలేదు.

“అది తప్పు చేసినట్లు ఎరుగును, దాని చూపే సాక్ష్యము” అని కొందరందురు. నేనును అట్లే తలచితిని. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పరిశోధకురాలు కుక్కలను పరీక్షించి చూచెను. కుక్క తప్పు చేసినను చేయకున్నను, యజమాని గద్దించినపుడే ఆ దీనపు చూపు అధికముగ కనబడెను. మనము పశ్చాత్తాపమనుకొన్నది మన కోపమునకు అది పడు భయమే. గంట క్రిందట చేసిన పనికి ఇప్పుడు కొట్టినచో ఏల కొట్టితిమో దానికి తెలియదు.

మన ఆదికవి నన్నయ భారతము ఆదిపర్వమున సరమ కథను తెలుగువారెరుగుదురు. యజ్ఞశాలలో ఆడుకొనుచున్న సరమ కుమారుని జనమేజయుని తమ్ములు కొట్టిరి. ఏ తప్పునకు కొట్టిరని ఆ తల్లి జనమేజయుని యొద్దకే వచ్చి అడిగెను. నాకు మంచము క్రింద కనబడిన రెండు కన్నులు ఆ ప్రశ్ననే అడిగినట్లు తోచెను.

తరువాత పద్ధతి మార్చితిమి. రెండు నెలల పిల్ల పగటివేళ రెండు మూడు గంటలకంటె ఎక్కువ ఆపుకొనజాలదు. కావున నిద్ర లేవగనే, తినిన కొంతసేపటికి, ఆడి అలసినపుడు, రాత్రి పరుండుటకు ముందు దానిని ఎత్తుకొని డాబాపై ఒకే మూలకు కొనిపోతిమి. టీకాలన్నియు పూర్తియగువరకు వీధిలో దింపలేదు. ఏలయన పార్వో రోగము పిల్లలకు ప్రాణాంతకము. పని ముగించిన క్షణముననే మెచ్చుకొని చిన్న ముక్క తినబెట్టితిమి. ఇంటికి తిరిగివచ్చిన పిదప పెట్టినచో ఫలము లేదు. నేల వాసన చూచుచు గుండ్రముగ తిరిగినచో అదియే దాని మనవి. ఇంటిలో తడిపినపుడు మారుమాటాడక సబ్బునీటితోను, నీరు కలిపిన వెనిగరుతోను కడిగితిమి. వాసన మిగిలినచో మరల అచటికే పోవును. ఫినాయిలు నాకినచో కుక్కకు హాని గలుగును గనుక దానిని విడిచితిమి. అలవాటు కుదురుటకు నెలలు పట్టును. నేర్చిన కుక్క హఠాత్తుగ మరల పాడుచేసినచో అది రోగము కావచ్చును, పశువైద్యునికి చూపవలెను.

“ఇంత శ్రమ యెవరు పడుదురు?” అని అడుగువారు కుక్కను తెచ్చుకొనక ముందే ఆ ప్రశ్న వేసికొనుట మేలు. విసిగి వీధిపాలు చేసిన పెంపుడు జంతువు ఆకలిదప్పులతో బాధపడును. అట్లు విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము.

ఇక బడి మాట. చాలయేండ్ల క్రిందట ఇంటిపని చేయని బాలు నొకని బెత్తముతో కొట్టితిని. అటుపిమ్మట వాడు పుస్తకము దాచుట నేర్చెను, ఆపై బడి మానుట నేర్చెను. ఆ లెక్క వానికి తెలియదని నేను విచారింపనైతిని. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. చట్టము బెత్తమును తీసికొనగలదు. ఓర్పును మాత్రము మనమే తెచ్చుకొనవలెను. పిల్లవాడు మనిషి, కుక్క జంతువు. రెంటిని సమానము చేయుట నా యభిప్రాయము కాదు. అయినను నేర్పకయే దండించుట యెచటనైనను అన్యాయమే. దండనమునకు జడిసినవాడు తప్పు మానడు, దాచును.

మా కుక్కకు ఇప్పుడు ఏడాది నిండినది. వెలుపలికి పోవలసినపుడు తలుపు గోకును. వానరాత్రి అయినను లేచి తీయుదును. అది తన పాఠము నేర్చుకొన్నది. నా పాఠము నేనింకను నేర్చుకొనుచున్నాను. బాలబాలికలారా, మీ యింట కుక్కపిల్ల తప్పుచేసినపుడు కఱ్ఱకై వెదకుటకు ముందు గడియారము చూడుడు. దానిని వెలుపలికి కొనిపోయి ఎంత సేపైనదో లెక్కించుడు. పెక్కుసార్లు తప్పు ఎవరిదో ఆ లెక్కయే చెప్పును.